లవంగ నూనె, నిమ్మగడ్డి నూనెతో కలుపు చస్తుందా? వాడినవాళ్లు చెప్పండి

గూడూరు_నిమ్మతోట:

అందరికీ నమస్కారం. మాది గూడూరు దగ్గర నాలుగెకరాల నిమ్మతోట. చెట్లు ఆరు మీటర్ల ఎడంలో ఉన్నాయి, డ్రిప్ ఉంది. రసాయనాలు మానేసి సేంద్రియ సర్టిఫికెట్ తీసుకున్నాం, కాబట్టి గ్లైఫోసేట్ లాంటి రసాయన కలుపు మందుల సలహా దయచేసి ఇవ్వొద్దు. పాదుల్లో కలుపు పెద్ద తలనొప్పిగా ఉంది. తుంగ, గరిక ఏడాది పొడవునా ఉంటాయి. వానలు పడితే గలిజేరు, గంగవాయిలి, వయ్యారిభామ తోడవుతాయి. కూలీలు దొరకడం కష్టం. దొరికినా పారతో లోతుగా చెక్కితే నిమ్మ పీచువేళ్లు తెగిపోతున్నాయి.

ఈమధ్య ఒకాయన బండి మీద వచ్చి ఒక సీసా చూపించాడు. అంతా లవంగ నూనె, దాల్చినచెక్క నూనే అంటాడు. తుంగ గడ్డతో సహా చస్తుందట, సర్టిఫికెట్‌కు ఏ ఇబ్బందీ రాదట. రేటు గట్టిగానే చెప్పాడు. సీసా మీద తయారీదారు చిరునామా లేదు, అందుకని ఇంకా కొనలేదు. ఈ సుగంధ నూనెలు నిజంగా కలుపును చంపుతాయా? ఎవరైనా వాడారా?

మిద్దెతోట_ఉప్పల్:

అన్నయ్యా, మీ తోటంత పెద్దది కాదు మాది, మిద్దె మీద కుండీలు, కింద గేటు దగ్గర టైల్స్. ఆ టైల్స్ సందుల్లో మొలిచే చిన్న మొక్కలకు లవంగ నూనె కొట్టాను. కుంకుడు రసంలో నూనె బాగా గిలక్కొట్టి, చిన్న స్ప్రేయర్‌తో తడిసేలా కొట్టాలి. ఎండలో కొడితే సాయంత్రానికి వాడిపోతాయి, మర్నాటికి ఎండిపోతాయి. రెండాకుల మీదున్న మొలకలు మళ్లీ లేవలేదు. గరిక మాత్రం పైన ఎండి, వారం తిరక్కుండానే పక్క కణుపు నుంచి చిగురు పెట్టింది.

కుండీల్లో వాడకండి. తుంపర పడిన చోటల్లా మన మొక్క ఆకు కూడా మాడుతుంది. కలుపేదో, వంగ మొక్కేదో ఆ నూనెకు తెలియదు.

విశ్రాంత_ఆగ్రోనమిస్ట్:

నిమ్మతోట గారూ, నూనెలు కలుపును చంపుతాయి, అది నిజమే. కానీ ఆ సీసాయన చెప్పిన పని ఏ సుగంధ నూనే చేయలేదు. తుంగ గడ్డ దాకా అది వెళ్లదు.

లవంగ నూనెలో అసలు సరుకు యూజినాల్. ఆకు మీది మైనపు పొరను దాటి లోపలికి వెళ్లిందంటే కణాల చుట్టూ ఉండే పలుచటి పొరలను చెడగొడుతుంది. కణంలోని నీరు, లవణాలు బయటికి కారిపోతాయి. పైన ఎండ కూడా ఉంటే ఆకు గంటల్లో వాడుతుంది. అది ఆకు నుంచి కాడలోకి, కాడ నుంచి వేరులోకి ప్రయాణం చేయదు. తీసుకెళ్లాల్సిన కణాలే ముందు చచ్చిపోతాయి కదా. గ్లైఫోసేట్ నిదానంగా పనిచేసేది కూడా ఇందుకే. మొక్క ఇంకా బతికుండగానే అది వేరుకు చేరుకోవాలి.

దీని మీద తరచుగా చెప్పుకునే పరీక్ష 2002లో వచ్చింది. అమెరికా వ్యవసాయ శాఖలో ట్వార్కోస్కీ అనే శాస్త్రవేత్త 25 మొక్కల నూనెలను డాండెలియన్ అనే కలుపు మొక్క ఆకుల మీద చూశాడు. ఎర్ర థైమ్, సేవరీ, దాల్చిన, లవంగ నూనెలు అన్నిటికన్నా గట్టిగా పనిచేశాయి. 1 శాతం దగ్గరే ఆకు కణాలు కారడం మొదలైంది. 5 నుంచి 10 శాతం ద్రావణం చల్లితే జాన్సన్ గడ్డి, మన చక్రవర్తి కూర లాంటి మొక్కలు గంట నుంచి ఒక రోజులోపు మాడిపోయాయి. ఆ శాతాలు గమనించండి. లీటరు ద్రావణంలో 50 నుంచి 100 మిల్లీలీటర్ల నూనె అన్నమాట. సోషల్ మీడియాలో తిరిగే 'లీటరు నీళ్లకు పది చుక్కలు' వాసన తప్ప ఇంకేమీ ఇవ్వదు.

మొక్క వయసు రెండో సంగతి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లవంగ, దాల్చిన, నిమ్మగడ్డి నూనెల మందులను వేరు వేరు వయసుల కలుపు మీద చల్లి చూశారు. వెడల్పాకు మొక్కలు మొలిచి రెండు వారాలు దాటకముందు బాగా చచ్చాయి. నెలకు దగ్గరపడేసరికి ఫలితం బాగా పడిపోయింది. ఊద లాంటి గడ్డి జాతులు చిన్నప్పుడు కూడా సరిగా చావలేదు. గడ్డికి పెరిగే మొగ్గ ఆకుల తొడుగుల్లో, నేల మట్టానికి దాక్కుని ఉంటుంది, చుక్క దాకా చేరదు. ఇక తుంగకూ గరికకూ నేల లోపలే బలగం ఉంది.

మైనం సంగతి కూడా ఉంది. 2006లో కెనడాలో చేసిన పరిశోధనలో బ్రకోలీ ఆకు మీది మైనపు పొర ఉన్నప్పుడు యూజినాల్ దెబ్బ తక్కువగా, లేనప్పుడు ఎక్కువగా కనిపించింది. మన పొలాల్లో ఎండకు మాగిన ముదురు ఆకులు తట్టుకోవడానికి ఇదొక కారణం.

గూడూరు_నిమ్మతోట:

చాలా వివరంగా చెప్పారు సార్. మరి ఆ సీసాతో నిజంగానే తుంగ చచ్చిందని పక్క ఊరి రైతు ఒకాయన అంటున్నాడు. అతను అబద్ధం చెప్పే మనిషి కాదు.

విశ్రాంత_ఆగ్రోనమిస్ట్:

అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సుగంధ నూనె పేరుతో అమ్మిన సీసా తుంగను గడ్డతో సహా చంపిందంటే, అందులో నూనె కాక వేరే మందు ఉందని అనుమానించాలి. 'బయో' అని రాసిన సీసాల్లో రసాయన మందులు బయటపడటం మన దగ్గర కొత్త కాదు. చల్లిన వారం పది రోజులకు లోపలి నుంచి పసుపెక్కి చస్తే అది గ్లైఫోసేట్ తీరు. ఒక్క రోజులో మాడితే నూనే అనీ అనుకోలేం, పారాక్వాట్ అనే రసాయన కలుపు మందు కూడా అలాగే మాడుస్తుంది. పారాక్వాట్ పొరపాటున నోట్లోకి పోతే విరుగుడు లేదు, అంత ప్రమాదం. ఏముందో రాయని సీసా మూత తీయడం కూడా మంచిది కాదు.

మీకు సర్టిఫికెట్ ఉంది. కాయలోనో ఆకులోనో అవశేషం పరీక్షలో దొరికితే ఇన్నేళ్ల మీ శ్రమ పోతుంది, బండాయన మాత్రం దొరకడు. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్ వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. అలాంటి మందును వేరే పేరుతో అమ్మేవాడికి అదే అవకాశం. లేబుల్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, లోపల ఏముందో శాతాలతో సహా, తయారీదారు చిరునామా ఉండాలి. ఒకటి లేకపోయినా వెనక్కి పంపేయండి. పక్క ఊరి రైతు దగ్గర కాస్త మిగిలి ఉంటే మండల వ్యవసాయాధికారికి చూపించమనండి.

న్యూజెర్సీ_పెరడు:

ఇక్కడ అమెరికాలో ఇవి షాపుల్లో మామూలుగా దొరుకుతాయి. లవంగ నూనె 45 శాతం, దాల్చిన నూనె 45 శాతం కలిపిన వీడ్‌జాప్ ఒకటి, నారింజ తొక్క నుంచి తీసే డి-లిమోనీన్ 70 శాతం ఉన్న అవెంజర్ ఒకటి. నీళ్లలో కలిపి డ్రైవ్‌వే పగుళ్లలో, కంచె పక్కన కొడతాం. వేసవి మధ్యాహ్నం కొడితే ఫలితం బాగుంటుంది. ఏప్రిల్ చలిలో, మబ్బు రోజున కొడితే ఆకు అంచులు మాత్రమే మాడతాయి.

ఇక్కడివాళ్లు కూడా సరిగా గమనించని విషయం ఒకటుంది. లవంగ, దాల్చిన, నిమ్మగడ్డి, సిట్రొనెల్లా, పెప్పర్‌మింట్, రోజ్‌మేరీ, థైమ్ నూనెలు అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 'కనిష్ఠ ప్రమాదం' జాబితాలో ఉన్నాయి. 1996 నుంచి ఆ జాబితాలోవాటితోనే చేసిన మందుకు ఈపీఏ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంటే అది పనిచేస్తుందో లేదో ఈపీఏ ముందుగా చూడదు. 'అమెరికాలో అమ్ముతున్నారు' అనేది పనితనానికి రుజువు కాదు. మన ఊళ్లో ఎవరైనా అమెరికా పేరు చెప్పి అమ్మితే ఇది గుర్తుంచుకోండి.

మిద్దెతోట_ఉప్పల్:

మా ఇంట్లో పిల్లి ఉంది. టైల్స్ మీద కొడితే దానికేమైనా అవుతుందా? పాదాలు నాక్కుంటుంది కదా.

న్యూజెర్సీ_పెరడు:

అవుతుందమ్మా. యూజినాల్ లాంటివాటిని పిల్లి లివర్ సరిగా విరగ్గొట్టలేదు. పూర్తిగా ఆరి, నీళ్లతో కడిగేదాకా దాన్ని అటు రానివ్వకండి. నిజానికి టైల్స్ సందులకు మరిగిన నీళ్లు చాలు. మీ కాళ్ల మీద పడకుండా చూసుకుంటే ఖర్చు లేదు, పిల్లికీ భయం లేదు.

నిమ్మగడ్డి_బట్టీ:

పార్వతీపురం వైపు మాకు నిమ్మగడ్డి సాగు, ఆవిరి బట్టీ ఉన్నాయి. నూనె అమ్ముకుని బతికేవాడిని కాబట్టి నేను పొగుడుతానని అనుకుంటారేమో, కానీ లెక్క చెప్తాను వినండి.

పచ్చి నిమ్మగడ్డిలో నూనె అర శాతం నుంచి ముప్పావు శాతం దాకా వస్తుంది. టన్ను గడ్డి ఉడికిస్తే ఐదు నుంచి ఏడెనిమిది కిలోలు. కోసిన కాలాన్ని బట్టి, వాడిన గడ్డా తడి గడ్డా అన్నదాన్ని బట్టి మారుతుంది. మా దగ్గర నూనె కిలో వెయ్యికి పైనే పలుకుతుంది, ఒక్కో ఏడాది ఇంకా ఎక్కువ.

ఎకరం మొత్తానికి 200 లీటర్ల ద్రావణం, 5 శాతం నూనె అనుకుందాం. పది లీటర్ల నూనె కావాలి. ఒక్కసారి చల్లడానికి పది వేలు దాటుతుంది. ఆ పది లీటర్లు తీయాలంటే దాదాపు టన్నున్నర గడ్డి కోసి, కట్టెలు కాల్చి ఉడికించాలి. ఎకరం కలుపు పైపైన మాడ్చడానికి టన్నున్నర గడ్డి! బట్టీలోంచి బయటికి తీసిన పిప్పినే పాదుల్లో పరిస్తే ఇంతకన్నా ఎక్కువ కాలం కలుపు లేవదు. మా తోటలో మామిడి మొక్కల కింద చేసేది అదే.

గూడూరు_నిమ్మతోట:

నాకు ఎకరం అంతా అక్కర్లేదు అన్నా, పాదులు చాలు. చాళ్ల మధ్య గడ్డి కట్టర్‌తో కోసుకుంటాను.

విశ్రాంత_ఆగ్రోనమిస్ట్:

అప్పుడు లెక్క మారుతుంది, అది కూడా చూద్దాం. ఆరు మీటర్ల ఎడంలో ఎకరానికి సుమారు 112 చెట్లు. ఒక్కో పాదు మొదలు నుంచి మీటరు దూరం అనుకుంటే మొత్తం 350 చదరపు మీటర్లు, అంటే ఎకరంలో పదకొండో వంతు. ఇదే మోతాదులో చల్లితే 18 లీటర్ల ద్రావణం, లీటరుకు కాస్త తక్కువ నూనె. కానీ ఇవి తగిలిన చోటే పనిచేస్తాయి కాబట్టి ఆకు పూర్తిగా తడవాలి. ద్రావణం రెండింతలు వేసుకోండి. నిమ్మగడ్డి నూనె అయితే ఎకరానికి ఒక విడతకు రెండు వేలకు అటూ ఇటూ. లవంగ నూనె అయితే ఇంకా పైన.

ఇది మరీ అందని ఖర్చు కాదు. చిక్కంతా ఎన్ని విడతలు అన్నదానిలోనే ఉంది. ఈ నూనెలు ఆవిరైపోతాయి, నేలలో నిలవవు. అది మంచిదే, కానీ మర్నాడు మొలిచే విత్తనాన్ని ఆపేది ఏమీ ఉండదు. వానాకాలంలో మూడు వారాలకొకసారి మళ్లీ కొట్టాలి. పైగా చెట్టు నీడలో ఎండ తక్కువ, మాడటం కూడా తక్కువే. తుంగ, గరిక ఎన్ని విడతలు కొట్టినా ఉంటాయి.

బట్టీ సోదరుడి మాట పక్కన పెట్టకండి. ఆయన చెప్పిన టన్నున్నర పిప్పి మీ ఎకరం పాదులన్నిటికీ చదరపు మీటరుకు నాలుగు కిలోల చొప్పున వస్తుంది. అది చక్కటి మందం.

భీమవరం_చెరువులు:

ఒక హెచ్చరిక. మాది చేపల చెరువు. యూజినాల్‌తో చేపలకు మత్తు ఇస్తారు, బ్రూడర్లను, అంటే గుడ్ల కోసం పెంచే పెద్ద చేపలను పట్టుకునేటప్పుడు లవంగ నూనె చుక్కలు నీళ్లలో వేయడం హ్యాచరీల్లో తెలిసిన పనే. లీటరు నీటికి మిల్లీగ్రాముల లెక్కలోనే చేప పక్కకు ఒరిగిపోతుంది, మోతాదు కొంచెం దాటితే లేవదు. మీరు చెప్తున్నది 5 శాతం! చెరువు గట్టు మీద గడ్డికి కొట్టొద్దు, ట్యాంకు కడిగిన నీళ్లు కాలవలో పోయొద్దు. సహజం కదా అని గట్ల మీద కొట్టమని సలహాలు తిరుగుతున్నాయి, అందుకే రాస్తున్నా.

బోటనీ_లెక్చరర్:

చర్చ చాలా బాగుంది. జామాయిల్ తోటల కింద ఏమీ మొలవదు కాబట్టి నీలగిరి తైలం కలుపు మందే అని విద్యార్థులు అడుగుతుంటారు. ఇందులో నిజం ఉంది, తొందరపాటూ ఉంది.

నిజం ఏమిటంటే, చండీగఢ్‌లోని పంజాబ్ యూనివర్సిటీ పరిశోధకులు 2005లో నిమ్మ వాసన జామాయిల్, అంటే యూకలిప్టస్ సిట్రియోడోరా నూనెను మన వయ్యారిభామ మీద పరీక్షించారు. విత్తనాలు మొలవడం తగ్గింది. పెరిగిన మొక్కల మీద చల్లితే పత్రహరితం తగ్గి, కణాలు కారి, వాడిపోయాయి. వయ్యారిభామ ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది, దాని పుప్పొడితో చర్మానికీ ఊపిరికీ ఎలర్జీ వస్తుంది. కాబట్టి ఈ ఫలితం మనకు దగ్గరిది. పూతకు రాకముందు, చేతులకు గ్లౌజులు వేసుకుని పీకడం ఇప్పటికీ మొదటి దారే.

తొందరపాటు సంగతికి కాలిఫోర్నియా కథ చెప్పాలి. అక్కడ సాల్వియా అనే ఘాటు వాసన పొదల చుట్టూ ఒకటి రెండు మీటర్ల మేర గడ్డి లేని బట్టతల లాంటి నేల కనిపిస్తుంది. 1964లో ముల్లర్ అనే శాస్త్రవేత్త, ఆ పొద ఆకుల నుంచి వచ్చే కర్పూరం, సినియోల్ (నీలగిరి తైలంలోనూ ఉండే వాసన పదార్థం) ఆవిర్లు గడ్డిని అణచేస్తున్నాయని 'సైన్స్' అనే పత్రికలో రాశాడు. ఎంతో పేరొచ్చింది. 1970లో బార్తొలొమ్యూ అనే మరో శాస్త్రవేత్త ఆ ఖాళీ నేల మీద తీగ పంజరాలు పెట్టాడు. జంతువులు దూరలేని పంజరాల లోపల గడ్డి మొలిచింది! పొదలో దాక్కునే ఎలుకలు, కుందేళ్లు, పిట్టలు బయటికి వచ్చి మేసిపోతున్నాయన్నమాట. ఆవిరి ప్రభావం బొత్తిగా లేదని కాదు, కానీ ఆ ఖాళీకి అదొక్కటే కారణం కాదు. జామాయిల్ కింద కూడా నీళ్లు లాగేయడం, రాలిన ఆకుల మందం, నీడ అన్నీ కలిసి ఉంటాయి. ఏ చెట్టు కింద గడ్డి లేదో దాని నూనె పిండి చల్లుదాం అనుకునేముందు ఆ పంజరాలను గుర్తు చేసుకోమని క్లాసులో చెప్తాను.

అలా చెట్టు కింద చూసి దొరికిన గొప్ప ఉదాహరణ కూడా ఒకటుంది. మన పార్కుల్లో ఎర్రటి బ్రష్షుల్లాంటి పూలు పూసే బాటిల్‌బ్రష్ చెట్టు తెలుసు కదా. 1977లో కాలిఫోర్నియాలో స్టాఫర్ అనే కంపెనీ శాస్త్రవేత్త ఒకరు తన ఆవరణలోని ఆ చెట్టు కింద కలుపు తక్కువగా ఉండటం గమనించాడు. మట్టి నుంచి, చెట్టు నుంచి తీసి చూస్తే లెప్టోస్పెర్మోన్ అనే పదార్థం దొరికింది. అది తగిలిన మొక్క తెల్లబడి చస్తుంది. దాని పోలికతో రకరకాల పదార్థాలు తయారుచేసి చూడగా మీసోట్రియోన్ అనే కలుపు మందు వచ్చింది, 2001 నుంచి మార్కెట్లో ఉంది.

మక్కచేను_కరీంనగర్:

మేడం, ఇది నాకు కొత్త ముచ్చట! మేం మక్కలో లాడిస్ అనే కలుపు మందు కొడతాం, అట్రాజిన్ అనే ఇంకో మందు కలిపి. గడ్డి తెల్లగా సున్నం కొట్టినట్టు అయి చస్తది, మక్కకు ఏం కాదు. గదీ గీ చెట్టు కుటుంబమేనా?

బోటనీ_లెక్చరర్:

అవునండీ. లాడిస్‌లో ఉండేది టెంబోట్రియోన్, మీసోట్రియోన్‌కు దగ్గర చుట్టం. ఆకుకు రంగు నిలబెట్టే పదార్థాల తయారీలో ఒక ఎంజైమును ఇవి అడ్డుకుంటాయి. ఆ రంగు రక్షణ లేక ఎండకు పత్రహరితం విరిగిపోయి తెల్లబడుతుంది. మొక్కజొన్న ఆ మందును త్వరగా విరగ్గొట్టుకోగలదు కాబట్టి తట్టుకుంటుంది. కానీ మీరు కొట్టేది ఫ్యాక్టరీలో తయారైన రసాయనమే, సేంద్రియ సాగులో దానికి చోటు లేదు. చెట్టు దారి చూపించింది, అంతవరకే.

లెప్టోస్పెర్మోన్ న్యూజీలాండ్ మనూకా చెట్టు నూనెలో సహజంగానే ఉంటుంది. లవంగ నూనెలా తగిలిన చోట మాడ్చి ఊరుకోకుండా, మొక్క లోపలికి వెళ్లి పనిచేయగల అరుదైన నూనె అది. ఖరీదెక్కువ, అందుకే మిగతా నూనెలకు కొద్దిగా జోడించి చూస్తున్నారు. ఇలాంటిదే ఇంకొకటి, సినియోల్ పోలికతో చేసిన సిన్‌మెథిలిన్ అనే కలుపు మందు. 1980ల్లో షెల్ కంపెనీ తెచ్చింది, తర్వాత మరుగున పడింది. మిగతా మందులకు లొంగని గడ్డి పెరిగిపోవడంతో ఈమధ్య బీఏఎస్ఎఫ్ అనే కంపెనీ ఆస్ట్రేలియాలో మళ్లీ బయటికి తీసింది.

మక్కచేను_కరీంనగర్:

మంచిగ చెప్పిన్రు. ఊళ్లె అందరికీ చెప్త.

ప్రకృతిసాగు_అనంత:

అందరూ చంపడం గురించే మాట్లాడుతున్నారు. నేల ఖాళీగా ఉంటే ఏదో ఒకటి మొలవక మానదు. మేం అనంతపురం జిల్లాలో వానలకు ముందే నవధాన్యాలు చల్లుతాం. ప్రకృతి సాగు నేర్పే ప్రభుత్వ సంస్థ, రైతు సాధికార సంస్థ వాళ్లు నేర్పిన పద్ధతే. గూడూరన్న చాళ్ల మధ్య జనుము, అలసంద, పిల్లిపెసర దట్టంగా వేసి, పూతకు రాగానే కోసి పాదుల్లో పరవండి. తుంగ నీడకు ఓర్చుకోలేదు. దాని నెత్తిన దట్టంగా ఆకు ఉంటే గడ్డలు కట్టడం తగ్గుతుంది. నూనె సీసాల వెంట పడటం మళ్లీ మందుల షాపు అలవాటే అని నా అభిప్రాయం. పేరు మారింది, చేతిలో స్ప్రేయర్ మారలేదు.

విశ్రాంత_ఆగ్రోనమిస్ట్:

జనుము, అలసంద మాటకు పూర్తిగా ఒప్పుకుంటాను. తుంగ నీడకు తగ్గుతుందన్నదీ నిజమే. కానీ స్ప్రేయర్ ముట్టనే కూడదంటే నేను ఒప్పుకోను. నాటిన రెండేళ్లలోపు లేత తోటలో పాదు చుట్టూ మొలకలు ఒక్కసారిగా లేచినప్పుడు, కూలీ దొరకని వారంలో, ఒక విడత నూనె రైతును ఆదుకుంటుంది. డ్రిప్ గొట్టం పక్కన, కంచె వెంబడి కూడా అంతే. బ్రిటన్‌లో గుర్రాలు మేసే బీళ్లలో రాగ్‌వర్ట్ అనే విషపు మొక్కకు సిట్రొనెల్లా నూనె మందును మొక్క మొక్కకూ కొట్టేవారు, బీడంతా కాదు. ఇలాంటి చిన్న పనులకు ఈ నూనెలు తగినవే.

ప్రకృతిసాగు_అనంత:

లేత తోట వరకు సరే సార్. ఆయనది కాపు తోట.

గూడూరు_నిమ్మతోట:

కాపు తోటే, కానీ ఒక ఎకరంలో చచ్చిన చెట్ల చోట కొత్త మొక్కలు పెట్టాను. అక్కడ చిన్నగా చూద్దామనుకుంటున్నా. బట్టీ అన్న దగ్గర కొంచెం నూనె కొంటే ఎలా కలపాలి? మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు.

నిమ్మగడ్డి_బట్టీ:

నురగ రాని నీళ్లలో సబ్బు తెట్టులా విరిగిపోతుంది, నూనె పైకి తేలుతుంది. వాన నీళ్లు పట్టి పెట్టుకోండి, లేకపోతే కుంకుడు రసం వాడండి. ముందు నూనె, చిక్కటి కుంకుడు రసం రెండూ కలిపి పాలలా అయ్యేదాకా గిలక్కొట్టి, తర్వాత కొంచెం కొంచెంగా నీళ్లు పోయాలి. కొడుతున్నంతసేపూ ట్యాంకు కదుపుతూ ఉండాలి. ఆగితే నూనె విడిపోయి మొదట నీళ్లు, చివర్లో ఒట్టి నూనె పడుతుంది. సర్టిఫికెట్ ఉంది కాబట్టి కొట్టేముందు మీ సర్టిఫికేషన్ వాళ్లకు ఏం వాడుతున్నారో రాసి అడగండి.

పని అవగానే స్ప్రేయర్ కడగండి, నూనెకు రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. బట్టీలో పనిచేసేవాళ్లకు ఒట్టి నూనె చర్మం మీద పడితే మంట, దద్దుర్లు వస్తాయి, కంట్లో పడితే ఆస్పత్రికే. పొయ్యి దగ్గర పెట్టొద్దు, అంటుకుంటుంది.

విశ్రాంత_ఆగ్రోనమిస్ట్:

ఇంకొన్ని మాటలు. ఎండ బాగా ఉన్న రోజు పొద్దెక్కాక, గాలి లేనప్పుడు కొట్టండి. పూల మీద తేనెటీగలు వాలుతుంటే ఆ పక్కకు పోవద్దు. కొత్త మొక్కల మొదలు ఇంకా పచ్చగా ఉంటుంది, ఆ పచ్చ బెరడు కూడా మాడుతుంది. అట్టముక్క చుట్టి కొట్టండి. మొలకలు రెండు నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడే కొట్టాలి, అది దాటాక నూనె దండగ. కొన్ని పాదులకు నూనె కొట్టి, కొన్నిటికి పిప్పో పొట్టో పరిచి, కొన్ని ఊరికే వదిలి, నెల తర్వాత మూడింటినీ పక్కపక్కన చూసుకోండి.

గూడూరు_నిమ్మతోట:

అలాగే చేస్తాను సార్. ఆ బండాయన మళ్లీ వస్తే లేబుల్ ఫొటో తీసి వ్యవసాయాధికారికి పంపిస్తాను. పార్వతీపురం నుంచి పిప్పి తెప్పించాలంటే లారీ కిరాయే తడిసి మోపెడవుతుంది. మా దగ్గర వరిగడ్డి, వేరుశనగ పొట్టు దొరుకుతాయి. అవి పరిస్తే చెదలు పడతాయేమోనని, మొదలు దగ్గర తేమకు బంక కారే తెగులు వస్తుందేమోనని టెన్షన్.

ప్రకృతిసాగు_అనంత:

చెట్టు మొదలు చుట్టూ జానెడు నేల ఖాళీగా వదలండి అన్నా, అక్కడి నుంచి బయటికి పరవండి. బెరడుకు తడి తగలకపోతే బంక తెగులు భయం తగ్గుతుంది. డ్రిప్పర్లు కూడా మొదలుకు దూరంగా జరపండి. చెదలు ఎండు గడ్డికే ఎక్కువ పడతాయి, కింద తేమ నిలిచేలా ఒక్కసారే మందంగా పరిస్తే తగ్గుతాయి. వేప పిండి కొంచెం చల్లి పైన పరవండి.

విశ్రాంత_ఆగ్రోనమిస్ట్:

పొట్టు కన్నా వరిగడ్డి ముందు. పొట్టు గాలికి పోతుంది, కాబట్టి అది అడుగున, గడ్డి పైన. తుంగ దాన్ని కూడా పొడుచుకుని వస్తుంది, ప్లాస్టిక్ షీటునే పొడుస్తుంది మరి. కానీ గడ్డి కింద తడి మట్టిలో దాన్ని గడ్డతో సహా చేత్తో లాగడం తేలిక, పారతో పని ఉండదు, మీ పీచువేళ్లు తెగవు. లాగిన గడ్డలు గట్టు మీద పారేయకండి. ఎండలో బాగా వడిలేదాకా గచ్చు మీద ఆరబెట్టండి.